స్కేలు–వృత్తలేఖిని నిర్మాణాలు: తాడు, మేకుల నుంచి ఒలింపియాడ్ దాకా

కొలతల గుర్తులు లేని బద్దతో సరళరేఖలు, వృత్తలేఖినితో వృత్తాలు మాత్రమే గీస్తూ, అడిగిన పటాన్ని కచ్చితంగా రాబట్టడాన్ని జ్యామితీయ నిర్మాణం అంటారు. గణిత పోటీల్లో అడిగే ప్రశ్నల్లో ఇది బాగా పాతరకం. 1894లో హంగేరీలో మొదలైన విద్యార్థుల పోటీలోనూ, 1959లో రుమేనియాలో జరిగిన తొలి అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లోనూ నిర్మాణ సమస్యలు ఇచ్చారు. కాగితం, కంపాసు వాడుకలోకి రాకముందు ఇదే పని నేల మీద తాడుతో, మేకులతో సాగింది. ఆ తాడు లెక్కల చరిత్రలో గుంటూరు, ప్రకాశం మైదానాలకు చోటుంది. ఆపస్తంబ శుల్బసూత్రాన్ని అనుసరించిన కుటుంబాలు, నాగార్జునకొండ చక్రస్తూపాలు, పావులూరి మల్లన తెలుగు గణితం ఈ నేలవే.

పరికరాలు, నియమాలు

బడిపిల్లల జామెట్రీ బాక్సులో స్కేలు, వృత్తలేఖిని, విభాగిని, కోణమానిని, రెండు మూలమట్టాలు ఉంటాయి. నిర్మాణ సమస్యకు వీటిలో మొదటి రెండే చెల్లుతాయి. స్కేలు మీద సెంటీమీటర్ల గీతలున్నా అవి లేనట్టే లెక్క. చేయదగిన పనులు మూడు: రెండు బిందువుల గుండా రేఖ గీయడం, ఒక బిందువు కేంద్రంగా మరో బిందువు గుండా పోయే వృత్తం గీయడం, రేఖలూ వృత్తాలూ ఖండించుకున్న చోట్లను కొత్త బిందువులుగా తీసుకోవడం. స్కేలును కొద్దికొద్దిగా జరుపుతూ కంటి అంచనాతో సరిపెట్టుకోవడం కుదరదు.

భారతదేశంలో ప్రాంతీయ గణిత ఒలింపియాడ్ ప్రశ్నపత్రం పైన కాలిక్యులేటర్లు, కోణమానినులు వాడరాదని, స్కేలు, వృత్తలేఖిని వాడవచ్చని సూచన ఉంటుంది. కోణాన్ని కొలిచి చెప్పడానికి అక్కడ వీలు లేదు, అది ఎంతో రుజువు చేసి తీరాలి.

ఈ కొద్ది పనులతోనే చాలా రాబట్టవచ్చు. రేఖాఖండాన్ని, కోణాన్ని సమద్విఖండన చేయవచ్చు. లంబాలు, సమాంతర రేఖలు గీయవచ్చు. రేఖాఖండాన్ని ఎన్ని సమభాగాలైనా చేయవచ్చు. రెండు పొడవుల గుణమధ్యమాన్ని అర్ధవృత్తంతో సాధించవచ్చు. బీజగణిత భాషలో చెప్పాలంటే, ఇచ్చిన పొడవుల నుంచి కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం అనే అయిదు పనులతో దక్కే పొడవులన్నీ నిర్మించగలిగినవే. వాటికి అవతల ఉన్నవి కావు.

వృత్తలేఖినిలో బిగించిన పెన్సిలు వదులై వృత్తం చివర అతకకపోవడం ప్రతి పిల్లవాడికీ అనుభవమే. ఆ తప్పు పటానిది, నిర్మాణానిది కాదు. పటం వంకరగా వచ్చినా వాదన నిలబడితే జవాబు సరైనదే. పటం ముచ్చటగా ఉండి వాదన లేకపోతే మార్కులు రావు.

తాడు, మేకు: శుల్బసూత్రాలు

'శుల్బం' అంటే తాడు. యజ్ఞవేదికలను నిర్దిష్టమైన ఆకారంలో, వైశాల్యంలో వేయడానికి అవసరమైన నియమాలను శుల్బసూత్రాలు చెబుతాయి. బౌధాయన, ఆపస్తంబ, కాత్యాయన, మానవ శుల్బసూత్రాలు వీటిలో ముఖ్యమైనవి. తెలుగునాట కృష్ణయజుర్వేద శాఖకు చెందిన వైదిక కుటుంబాల్లో ఎక్కువమంది ఆపస్తంబ సూత్రాన్ని పాటిస్తారు. పెళ్లిలో ప్రవర చెప్పుకునేటప్పుడు ఆ పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆపస్తంబ ధర్మసూత్రాన్ని 1879లో ఇంగ్లీషులోకి అనువదించిన జర్మన్ పండితుడు గేయార్గ్ బ్యూలర్, ఈ శాఖ మూలాలు ఆంధ్ర ప్రాంతంలో ఉండవచ్చని వాదించాడు.

సోమయాగానికి కావలసిన మహావేది తూర్పున 24, పడమర 30 ప్రమాణాల వెడల్పు, మధ్యలో 36 ప్రమాణాల పొడవు ఉండే సమలంబ చతుర్భుజం. ఆపస్తంబుడు దాన్ని నేల మీద వేసే తీరు ఇది. తూర్పు పడమరలుగా 36 ప్రమాణాల దూరంలో రెండు మేకులు పాతుతారు. 36కు 18 కలిపి 54 ప్రమాణాల తాడు తీసుకుని దాని రెండు కొసలనూ ఆ మేకులకు కడతారు. పడమటి కొస నుంచి 15 దగ్గర గుర్తు పెట్టి, ఆ గుర్తును పట్టుకుని తాడు రెండు పాయలూ బిగిసేదాకా దక్షిణానికి లాగుతారు. అప్పుడు ఒక పాయ 15, రెండోది 39, మేకుల మధ్య దూరం 36. పదిహేను వర్గానికి ముప్ఫై ఆరు వర్గం కలిపితే ముప్ఫై తొమ్మిది వర్గం వస్తుంది కాబట్టి పడమటి మేకు దగ్గర లంబకోణం పడుతుంది. లాగిన చోట మేకు పాతుతారు. ఉత్తరానికీ అలాగే లాగితే పడమటి భుజం 30 పూర్తవుతుంది. తాడును తిప్పి కట్టి, తూర్పున కూడా 15 గుర్తు దగ్గరే లాగి, మేకు మాత్రం 12 దగ్గర పాతితే 24 వెడల్పు వస్తుంది. వేది వైశాల్యం 972 అని చెప్పి, ఒక పక్కనున్న త్రిభుజపు ముక్కను రెండో పక్కకు చేర్చి దీర్ఘచతురస్రం చేస్తే అంతే వస్తుందని ఆపస్తంబుడు చూపాడు.

నేటి భాషలో చెబితే, తాడు రెండు పాయలూ బిగిసిన చోటే 15, 39 వ్యాసార్ధాలతో గీసిన రెండు వృత్తాల ఖండన బిందువు. మేకు వృత్తకేంద్రమైంది, తాడు వృత్తలేఖినీ అయింది, బద్దా అయింది.

ఇదే గ్రంథాల్లో కచ్చితం కాని నిర్మాణాలూ ఉన్నాయి. చతురస్రంతో సమాన వైశాల్యమున్న వృత్తం కావాలంటే, సగం భుజానికి, సగం కర్ణం సగం భుజాన్ని మించిన మేరలో మూడో వంతు కలిపి వ్యాసార్ధంగా తీసుకోమన్నారు. ఇలా వచ్చే వృత్తం చతురస్రం కంటే నూటికి 1.7 వంతు పెద్దది. రెండు వర్గమూలానికి మాత్రం 577/408కి సమానమైన విలువ ఇచ్చారు. వంద మీటర్ల చదరపు స్థలంలో ఆ విలువ వాడితే కర్ణంలో తేడా పావు మిల్లీమీటరు కూడా ఉండదు. మొదటిది వేదికి సరిపోయే ఉజ్జాయింపు, రెండోది అబ్బురపడేంత దగ్గరి ఉజ్జాయింపు. అయినా ఏదీ కచ్చితమైన జవాబు కాదు. నిర్మాణ సమస్య గీత గీసేది సరిగ్గా ఇక్కడే.

నాగార్జునకొండ: అన్న వేది, చెల్లెలి చక్రం

క్రీ.శ. 3వ శతాబ్దంలో నాగార్జునకొండ లోయలోని విజయపురిని ఏలిన ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేశాడని శాసనాలు చెబుతున్నాయి. అగ్నిష్టోమం సోమయాగమే కాబట్టి దానికి పైన చెప్పిన మహావేదే కావాలి. ఆయన సోదరి శాంతిశ్రీ అదే లోయలో మహాచైత్యాన్ని కట్టించింది. రాజు తర్వాత వచ్చిన వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో అది పూర్తయింది. అన్న వైదిక వేదికి, చెల్లెలు బౌద్ధ స్తూపానికి పోషకులు. రెండింటికీ పునాది గీత తాడుతో వేసిందే.

సుమారు 32 మీటర్ల వ్యాసమున్న మహాచైత్యం లోపల బండిచక్రంలా ఉంటుంది. ఏకకేంద్ర వృత్తాలుగా గోడలు, కేంద్రం నుంచి బయటికి ఎనిమిది ఆకులు, మధ్య గదుల్లో మట్టి నింపుడు. లోయలోని ఇతర స్తూపాల్లో నాలుగు, ఆరు, ఎనిమిది, పది ఆకుల చక్రాలు కనిపిస్తాయి. నాగార్జునసాగర్ జలాశయం నిండకముందు 1954 నుంచి 1960 వరకు సాగిన తవ్వకాల్లో వీటిలో అనేకం వెలుగు చూశాయి.

జ్యామితి తెలిసిన కంటికి ఈ సంఖ్యలు ఆసక్తి కలిగిస్తాయి. వ్యాసార్ధమంత తాడుతో పరిధి మీద అడుగులు వేసుకుంటూ పోతే సరిగ్గా ఆరు పడతాయి, అందుకే ఆరాకుల చక్రం అన్నిటికంటే తేలిక. ఒకదానికొకటి లంబంగా రెండు వ్యాసాలు వేస్తే నాలుగు ఆకులు, వాటి మధ్య కోణాలను సగం చేస్తే ఎనిమిది. పదికి మాత్రం కొంచెం పనితనం కావాలి. సమపంచభుజి నిర్మాణం తెలిస్తేనే అది కచ్చితంగా కుదురుతుంది. ఏడు గాని తొమ్మిది గాని కావాలంటే స్కేలు, వృత్తలేఖినితో కచ్చితమైన దారే లేదు. ఆ సంగతి 19వ శతాబ్దంలో గాని రుజువు కాలేదు.

పావులూరి మల్లన: వ్యావహారికం, సూక్ష్మం

పూర్వపు ప్రకాశం జిల్లాలో, ఇంకొల్లు ప్రాంతంలో పావులూరు ఉంది. తెలుగులో తొలి శాస్త్రగ్రంథాల్లో ఒకటైన 'సారసంగ్రహ గణితం' రాసిన పావులూరి మల్లనను ఎక్కువమంది సాహిత్య చరిత్రకారులు 11వ శతాబ్దానికి, ఈ ఊరికి చెందినవాడిగా భావిస్తారు. జైన గణితవేత్త మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో సంస్కృతంలో రచించిన 'గణితసారసంగ్రహం' దీనికి మూలం. 'పావులూరి గణితం' అన్న పేరుతో ఇది తెలుగునాట ప్రచారం పొందింది.

మహావీరుని గ్రంథంలో క్షేత్రగణితం ఒక పెద్ద విభాగం. పొలాల, పటాల వైశాల్యాలను ఆయన రెండు దారుల్లో లెక్కించాడు: ఒకటి వ్యావహారికం, రెండోది సూక్ష్మం. వృత్తం విషయంలో వ్యవహారానికి వ్యాసం మూడింతలు పరిధి అనుకుంటే చాలు, సూక్ష్మానికి పది వర్గమూలంతో హెచ్చించాలి. రెండో విలువ కూడా నేటి లెక్కలో ఉజ్జాయింపే. అయినా 'ఇది పని జరగడానికి, ఇది సరిగా తెలియడానికి' అని విడదీసి చెప్పడం గొప్ప విషయం. 'జన్యవ్యవహారం' అనే భాగంలో రెండు బీజసంఖ్యల నుంచి లంబకోణ పటాలను పుట్టించే పద్ధతి ఉంది. బీజాల వర్గాల తేడా ఒక భుజం, లబ్ధానికి రెట్టింపు రెండో భుజం, వర్గాల మొత్తం కర్ణం. 2, 1 బీజాలైతే 3, 4, 5 వస్తాయి. మహావేది తాడులో దాగి ఉన్న సంఖ్యలకు ఇది సాధారణ సూత్రం.

గ్రీకు సంప్రదాయం, అసాధ్యమైన మూడు

క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ తన 'ఎలిమెంట్స్'లో రేఖ, వృత్తం గీయడాన్ని స్వీకృతాలుగా పెట్టి, ఆ పైన ప్రతి నిర్మాణానికీ రుజువు జోడించాడు. గ్రీకులు వదిలిపెట్టిన మూడు సమస్యలు రెండు వేల ఏళ్లు మొండికేశాయి: ఏ కోణాన్నయినా మూడు సమభాగాలు చేయడం, ఘనం పరిమాణాన్ని రెట్టింపు చేయడం, వృత్తంతో సమాన వైశాల్యమున్న చతురస్రం గీయడం. మొదటి రెండూ అసాధ్యమని 1837లో ఫ్రాన్స్‌కు చెందిన పియెర్ వాంట్జెల్ నిరూపించాడు. మూడోదాని అసాధ్యత 1882లో లిండెమన్ రుజువుతో తేలింది. అంతకుముందు 1796లో, పంతొమ్మిదేళ్లు నిండని గౌస్, 17 భుజాల సమబహుభుజిని నిర్మించవచ్చని చూపి ఈ రంగానికే కొత్త ఊపిరి పోశాడు.

అసాధ్యమని తేలిన తర్వాత కూడా ఉజ్జాయింపు నిర్మాణాల ఆకర్షణ తగ్గలేదు. గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్ 1907లో నెలకొల్పిన సంఘమే తర్వాత ఇండియన్ మాథమెటికల్ సొసైటీ అయింది. ఆ సంఘం పత్రికలో 1913లో శ్రీనివాస రామానుజన్ వృత్తాన్ని చతురస్రం చేసే ఒక నిర్మాణం ప్రచురించాడు. π విలువను 355/113గా తీసుకునే ఆ పద్ధతిలో, 1,40,000 చదరపు మైళ్ల వృత్తానికి చతురస్రం గీస్తే భుజంలో తేడా ఒక అంగుళం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కంటే పెద్ద వృత్తం అది. అయినా రామానుజన్ దాన్ని ఉజ్జాయింపుగానే చెప్పాడు. మహావీరుని మాటలో అది గొప్ప వ్యావహారికం.

పోటీల్లో నిర్మాణ సమస్య

పోటీలో నిర్మాణ సమస్యకు పూర్తి జవాబు అంటే నాలుగు మెట్లు. పటం దొరికేసిందని అనుకుని, దాని లక్షణాలను వెనక్కి తవ్వడం విశ్లేషణ. దొరికిన ఆధారంతో మొదటి నుంచి వరుసగా గీయడం నిర్మాణం. గీసింది అడిగిన షరతులన్నీ తీరుస్తుందని చూపడం నిరూపణ. ఏ కొలతలకు ఎన్ని జవాబులు వస్తాయో, ఎప్పుడు అసలు రాదో తేల్చడం చర్చ. బడిలో రెండో మెట్టు మాత్రమే 'నిర్మాణ సోపానాలు'గా మిగులుతుంది. పోటీలో మార్కులు ఎక్కువగా ఒకటి, మూడు, నాలుగు మెట్ల దగ్గరే ఉంటాయి.

1894, హంగేరీ. ఒక వృత్తం, ప, ఫ అనే రెండు బిందువులు ఇచ్చారు. వృత్తంలో అంతర్లిఖించిన లంబకోణ త్రిభుజం గీయాలి. లంబకోణం చేసే భుజాల్లో ఒకటి ప గుండా, మరొకటి ఫ గుండా పోవాలి. త్రిభుజం దొరికిందనుకుంటే దాని లంబకోణ శీర్షం నుంచి ప, ఫలను చూస్తే 90 డిగ్రీలు. అంటే ఆ శీర్షం, పఫ వ్యాసంగా గీసిన వృత్తం మీద ఉండాలి. ఇచ్చిన వృత్తం మీద కూడా ఉండాలి. రెండు వృత్తాలు ఖండించుకున్న చోటే శీర్షం. అవి కలవకపోతే జవాబు లేదు.

1959, రుమేనియాలోని బ్రషోవ్. తొలి అంతర్జాతీయ ఒలింపియాడ్ నాలుగో లెక్క: కర్ణం పొడవు ఇచ్చారు. కర్ణానికి గీసిన మధ్యగత రేఖ, మిగిలిన రెండు భుజాలకు గుణమధ్యమం అయ్యేలా లంబకోణ త్రిభుజం నిర్మించాలి. లంబకోణ త్రిభుజంలో ఆ మధ్యగత రేఖ కర్ణంలో సగమని తెలిసిందే. కాబట్టి భుజాల లబ్ధం కర్ణవర్గంలో నాలుగో వంతు. ఆ లబ్ధమే త్రిభుజ వైశాల్యానికి రెట్టింపు. దాన్నే కర్ణం, కర్ణం మీదికి దిగే ఎత్తుల లబ్ధంగానూ రాయవచ్చు. రెండింటినీ సమానం చేస్తే ఎత్తు, కర్ణంలో సరిగ్గా నాలుగో వంతు. ఇక గీయడానికి రెండు నిమిషాలు చాలు. కర్ణం వ్యాసంగా అర్ధవృత్తం, కర్ణానికి నాలుగో వంతు దూరంలో సమాంతర రేఖ, రెండూ కలిసిన చోట మూడో శీర్షం. నాలుగో వంతు వ్యాసార్ధం కంటే తక్కువ కాబట్టి రేఖ అర్ధవృత్తాన్ని రెండు చోట్ల తాకుతుంది. ఆ రెండు త్రిభుజాలూ సర్వసమానాలు, కోణాలు 15, 75 డిగ్రీలు. కర్ణం 12 సెంటీమీటర్లు తీసుకుంటే ఎత్తు 3 సెంటీమీటర్లు. ఏ నోటు పుస్తకంలోనైనా గీసి చూసుకోవచ్చు.

1961, హంగేరీలో జరిగిన మూడో ఒలింపియాడ్. చర్చ మెట్టు ఎందుకు అవసరమో ఆ ఏటి అయిదో లెక్క బాగా చూపుతుంది. కచట త్రిభుజంలో కచ, కట భుజాలు ఇచ్చారు. చట మధ్యబిందువు మ అయితే, కమచ కోణం కూడా ఇచ్చారు, అది లఘుకోణం. త్రిభుజం నిర్మించాలి, ఎప్పుడు సాధ్యమో చెప్పాలి. కీలకం కచ మధ్యబిందువు న. నమ రేఖాఖండం కటకు సమాంతరం, దానిలో సగం. కాబట్టి మ రెండు చోట్ల ఉండాలి: న కేంద్రంగా కటలో సగం వ్యాసార్ధమున్న వృత్తం మీద, కచను ఇచ్చిన కోణంతో చూసే చాపం మీద. రెండూ కలిస్తే మ దొరికినట్టే. ఎప్పుడు కలుస్తాయి? లఘుకోణపు చాపం మొత్తం, కచ వ్యాసమైన వృత్తానికి బయటే ఉంటుంది. అందుకే కట, కచ కంటే పెద్దది కావాలి. చాపం నడినెత్తి న నుంచి అత్యంత దూరం. ఆ దూరాన్ని కటలో సగం మించకూడదు. ఈ రెండు వాక్యాలే సాధ్యతకు పూర్తి షరతు. సూత్రం బట్టీ పట్టినవాడు తడబడే చోట పటం చూసేవాడు దాటిపోయే లెక్క ఇది.

పద్ధతులు

పై మూడింట్లోనూ పనిచేసింది బిందుపథాల పద్ధతి. కావలసిన బిందువుకు రెండు షరతులుంటే, ఒకదాన్ని పక్కన పెట్టి రెండోది మాత్రమే తీర్చే బిందువులన్నీ ఎక్కడుంటాయో చూడాలి. అవి రేఖ గాని వృత్తం గాని అవుతాయి. రెండో షరతుకూ అలాగే చేసి, ఖండన పట్టుకోవాలి. హంగేరీలో పుట్టిన జార్జ్ పోయా 1945లో వెలువరించిన 'హౌ టు సాల్వ్ ఇట్'లో ఈ ఆలోచనను త్రిభుజంలో చతురస్రం ఇమిడ్చే లెక్కతో వివరించాడు. మూడు శీర్షాలు త్రిభుజం మీద ఉండేలా చిన్న చతురస్రం గీసి, నాలుగో శీర్షం ఎటు కదులుతుందో చూస్తే అది సరళరేఖ మీదనే నడుస్తుంది. ఇదే సరూపత పద్ధతి కూడా.

మిగిలిన పద్ధతుల్లో పరావర్తనం, భ్రమణం, స్థానాంతరణం వంటి రూపాంతరాలు ముఖ్యం. 9వ తరగతి తెలుగు మాధ్యమ పుస్తకంలో చాలాకాలం ఉన్న ఒక లెక్క వీటికి తొలిమెట్టు: భూమి, ఒక భూకోణం, మిగిలిన రెండు భుజాల మొత్తం ఇస్తే త్రిభుజం గీయాలి. చట భూమి గీసి, చ దగ్గర కోణం వేసి, ఆ కిరణం మీద మొత్తం పొడవు చద కొట్టాలి. దట కలిపి దానికి లంబసమద్విఖండన రేఖ గీస్తే, అది చదను కలిసిన చోటే క. కద, కట సమానమవుతాయి కాబట్టి మొత్తం సరిపోతుంది. విరిచిన పుల్లను నిటారుగా సాపు చేసి, మళ్లీ ఎక్కడ విరవాలో కనుక్కోవడం లాంటిది ఈ యుక్తి. మూడు వృత్తాలను తాకే వృత్తం గీయమనే అపొలోనియస్ సమస్య వంటి గట్టివాటికి విలోమనం పనికొస్తుంది. ఏ దారీ తోచనప్పుడు తెలియని పొడవును సమీకరణంగా రాసి, వర్గమూలాలతో ఆగితే నిర్మించవచ్చు. ఘనమూలం తప్పనిసరైతే వదిలేయాలి.

పోటీల్లో ఎందుకు తగ్గాయి

1959 నుంచి 1962 వరకు నాలుగు అంతర్జాతీయ ఒలింపియాడ్‌లలోనూ నిర్మాణ సమస్య తప్పక ఉంది. 1967లో మళ్లీ ఒకటి వచ్చింది, రెండు త్రిభుజాలిచ్చి అతి పెద్ద వైశాల్యమున్న పరిగత త్రిభుజాన్ని గీయమన్నది. ఆ తర్వాత ఇవి బాగా అరుదయ్యాయి. తూర్పు యూరప్ బడుల్లో నిర్మాణాలు పాఠ్యాంశంగా ఉండేవి. పోటీకి వచ్చే దేశాలు పెరిగేకొద్దీ అందరికీ సమానమైన పునాది సాధారణ జ్యామితి నిరూపణే అయింది. దానికితోడు నాలుగు మెట్ల జవాబుకు మార్కులు వేయడమూ కష్టమే.

భారతదేశంలో జాతీయ ఉన్నత గణిత మండలి ఆధ్వర్యంలో 1986లో జాతీయ గణిత ఒలింపియాడ్ మొదలైంది. దేశం తొలిసారి 1989లో అంతర్జాతీయ పోటీకి జట్టును పంపింది, 1996లో ముంబయిలో ఆతిథ్యమిచ్చింది. ఇప్పుడు ముంబయిలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం ఈ పోటీల అంచెలను సమన్వయం చేస్తోంది. తొలి అంచె పరీక్షలో జవాబులన్నీ 00 నుంచి 99 లోపు పూర్ణసంఖ్యలు. అందులో నిర్మాణం అడిగే వీలు లేదు. వివరంగా రాసే ప్రాంతీయ, జాతీయ అంచెల్లోనే దానికి అవకాశం. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో దశాబ్దాలుగా నడిచిన ఎంట్రన్సు కోచింగ్ ప్రపంచంలో నాలుగు ఐచ్ఛికాల నుంచి ఒకటి ఎంచుకోవడమే పని. అక్కడ వృత్తలేఖిని బల్ల మీదికే రాదు. 2022లో జాతీయ పాఠ్యపుస్తకాల కుదింపులో 9, 10 తరగతుల నిర్మాణాల అధ్యాయాలు తొలగిపోయాయి.

అలాగని నిర్మాణం పోటీ జ్యామితి నుంచి పోలేదు. నేటి ఒలింపియాడ్ జ్యామితి లెక్కకు మొదటి మెట్టు పటం సరిగా గీయడమే. శిక్షణ శిబిరాల్లో అనుభవమున్నవారు పెద్ద పటం, పదునైన పెన్సిలు అంటూ పట్టుబడతారు. మూడు బిందువులు ఒకే రేఖ మీద ఉన్నట్టు సరైన పటంలో కనిపిస్తేనే దాన్ని రుజువు చేయాలన్న ఆలోచన పుడుతుంది.

పొలంలో, పునాదిలో

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో స్కేలు–వృత్తలేఖిని తర్కం రోజువారీ పనిలో తాడు రూపంలోనే బతికి ఉంది. మిర్చి, పత్తి వేసే చేలో ముందు అచ్చు తోలుతారు. నిలువు సాళ్లు వేసి, వాటికి అడ్డంగా మళ్లీ వేసి, గీతలు కలిసిన చోట మొక్క గాని విత్తనం గాని పెడతారు. అడ్డగీత లంబంగా పడకపోతే చదరాలు సమాంతర చతుర్భుజాలవుతాయి, రెండు వైపులా తిరిగే అరకకు మొక్కలు అడ్డం వస్తాయి. ఆంధ్ర ప్రాంతపు సర్వే రికార్డుల్లో క్షేత్ర కొలతల పుస్తకం చేను చేనునూ త్రిభుజాలుగా, లంబాలుగా విడగొట్టి లింకుల్లో కొలతలు రాసింది. మూడు భుజాలు తెలిస్తే త్రిభుజం ఒక్కటే అన్న సిద్ధాంతం మీదనే చెరిగిపోయిన గట్టును మళ్లీ నిలబెడతారు. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్లు, ఉపగ్రహ స్థాననిర్ణయం ఆ పని చేపట్టాయి.

ఇంటి పునాదికి ముగ్గు పోసే మేస్త్రీ మూల మేకు నుంచి ఒక దారం మీద మూడడుగులు, రెండో దారం మీద నాలుగడుగులు గుర్తు పెట్టి, వాటి మధ్య అయిదడుగులు వచ్చేదాకా రెండో దారాన్ని జరుపుతాడు. నాలుగు మూలలూ అయ్యాక ఎదురెదురు మూలల మధ్య దారం పట్టి కర్ణాలు రెండూ సమానమా అని చూస్తాడు. అర అంగుళం తేడా వస్తే మేకు కాస్త జరిపి సరిచేస్తాడు. గోడకు అంతే చాలు, అది వ్యావహారికం. అదే గది పటాన్ని పోటీ కాగితం మీద పెడితే అడిగే ప్రశ్న వేరు: ఎదుటి భుజాలు సమానమై కర్ణాలూ సమానమైతే నాలుగు మూలలూ లంబకోణాలే కావాలా? కావాలి. పక్కపక్క మూలల దగ్గర కర్ణాలు చేసే రెండు త్రిభుజాలూ మూడు భుజాల నియమంతో సర్వసమానాలు, కాబట్టి ఆ రెండు కోణాలు సమానం. సమాంతర చతుర్భుజంలో వాటి మొత్తం 180 డిగ్రీలు, కాబట్టి ఒక్కొక్కటీ 90. మేస్త్రీ దారం పట్టి చూసినదాన్నే ఈ రుజువు కొద్ది వాక్యాల్లో చెప్పింది. మహావీరుడు సూక్ష్మమని వేరుచేసింది ఇలాంటి కచ్చితత్వాన్నే.